బంతిలో వలపక్షం

కెనడాలో రెజైనా అనే ఊళ్ళోని మా తెలుగు విద్యార్థి సంఘం శాఖ ఈ ఏడాది ఒక ప్రత్యేక సంచిక తెస్తోంది. శాఖ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఎన్ని మంచి పనులు చేసింది అన్నది అందులో విషయం. నేను ఆ ఊరు వదిలి అదే దేశంలో ఏజాక్స్ అనే ఇంకో ఊరు వచ్చేసి చాలా కాలమైంది. అయినా ఇప్పటి కమిటీలో ఉన్న ఒకబ్బాయి నా నంబరు సంపాదించి ఫోన్ చేశాడు.

"అక్కా, మీ తెలుగు బాగుంటుందంట కదా. ప్రూఫ్ చూసిపెడతారా? మాకెవరికీ ఒత్తులు సరిగా రావు."

మొహమాటంకొద్దీ సరేనన్నాను. సంతోషంకొద్దీ కూడా.

అతను పంపిన పేజీల్లో ఒకచోట నేనున్నాను. పేరు లేదు. అవగాహన లేని ఒక కొత్త సభ్యురాలు సొంతంగా చేసిన వీడియో వల్ల శాఖకు మచ్చ వచ్చిందనీ, పెద్దల సలహాతో శాఖ ఆ మచ్చను తుడుచుకోవడమే కాక ఆ సభ్యురాలిని కూడా సంస్కరించిందనీ రాశారు. 'సంస్కరించింది' అన్న మాటలో ఒక ఒత్తు ఎక్కువ పడింది. తీసేశాను. తర్వాత 'ఒక కొత్త సభ్యురాలు సొంతంగా చేసిన' అన్న ముక్క కొట్టేసి, 'శాఖ అధ్యక్షుడు తీసి, శాఖ తన పేజీలో పెట్టిన' అని రాసి పంపాను. సాయంత్రానికి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అక్కా, థాంక్యూ సో మచ్. కాకపోతే మేం స్పెల్లింగులే అడిగాం. మ్యాటర్ మన అడ్వైజర్ అంకుల్ గారు ఆల్రెడీ ఓకే చేసేశారు."

అందుకే ఇది రాస్తున్నాను. నేను గ్రంథాలయాల్లో పెరిగినదాన్ని. అచ్చులో పడ్డ మాటకు ఎంత బలముంటుందో నాకు తెలుసు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒక అమ్మాయి బీరువాలోంచి ఆ సంచిక తీసి చదువుతుంది, నమ్ముతుంది. నేనూ ఎన్నో అలాగే నమ్మాను. నమ్మిన పుస్తకానికి ఎదురు చెప్పే ఇంకో పుస్తకం పక్క అరలోనే ఉందని చాలాసార్లు ఆలస్యంగా తెలిసింది. ఆ పక్క అరలో పెట్టడానికి ఒకటి ఉండాలి కదా.

నేను పెద్ద చదువుల మనిషిని కాను. పల్నాడులో ఒక చిన్న ఊరు మాది. కాలేజీలో చెప్పిన పాఠాలకన్నా, బస్టాండు వెనక శాఖా గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నదే ఎక్కువ. అక్కడి ఫ్యాను తిరిగేది కాదు, చప్పుడు మాత్రం చేసేది. లైబ్రేరియన్ గారు భోజనానికి వెళ్తూ తాళం నా చేతికిచ్చేవారు. ఆ గంటలో ఆ గది మొత్తానికి నేనే యజమానిని. ఇంగ్లీషు కూడా అక్కడి నిఘంటువు పక్కన పెట్టుకుని, పాత పత్రికలు చదివి నేర్చుకున్నదే. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ అలా వచ్చినవే. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. కాస్త గర్వమే.

విమానాలనిండా మా వయసు పిల్లలే దిగుతున్న రోజుల్లో నేనూ డిప్లొమా కోర్సుకని రెజైనాలో దిగాను. జనవరి నెల. ఎయిర్‌పోర్టుకి శాఖ అధ్యక్షుడే కారేసుకుని వచ్చాడు. విజయవాడ కుర్రాడు, మాస్టర్స్ చేస్తున్నాడు, అందరికీ అన్న. వెనకసీట్లో నాకోసం ఒక మందపాటి కోటు, రజాయి, టిఫిన్ డబ్బాలో పప్పుచారు అన్నం. ఆ పప్పుచారు రుచి ఎంత కోపంలోనూ నేను కాదనలేను.

శాఖ అంటే అప్పట్లో అదే మరి. అంతకుముందు ఒక హాల్లో చాప పరిస్తే అందరూ సరిపోయేవారట. మేమొచ్చేసరికి బేస్‌మెంట్లు చాలక వంటగదుల్లో కూడా పరుపులు వేసుకునేవారు. ఉద్యోగం దొరికినవాళ్ళు దొరకనివాళ్ళకి షిఫ్టులు చెప్పేవారు. ఆదివారాలు ఊళ్ళో ఒక చర్చి కింది హాల్లో అందరం కలిసి వండుకుని తినేవాళ్ళం. ఆ హాలు ఇప్పించింది అంకుల్ గారు. ఆయన యూనివర్సిటీలో ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యారు. మేం పుట్టకముందే కెనడా వచ్చినవారు. శాఖకు గౌరవ సలహాదారు. ఆయన మాట మీద చర్చివాళ్ళకి నమ్మకం, మాకు భయం.

కొత్తగా వచ్చేవాళ్ళకోసం శాఖ తన పేజీలో చిన్న చిన్న వీడియోలు పెట్టేది. బస్సు పాస్ ఎలా తీసుకోవాలి, మంచులో ఏ బూట్లు వేసుకోవాలి, ఇలాంటివి. ఒకరోజు అధ్యక్షుడు ఫుడ్ బ్యాంకు గురించి చేద్దామన్నాడు. ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకు ఊరి జనం ఇచ్చిన సరుకులు పంచిపెట్టే చోటు అది. అంతకు రెండు వారాల ముందే నేను అక్కడికి వెళ్ళి బియ్యం, కంది పప్పులాంటి ఒక పప్పు, డబ్బా పాలు తెచ్చుకున్నాను. అప్పటికి నాకు పని దొరకలేదు.

"నువ్వు చెప్పు. నువ్వైతే ఆగకుండా మాట్లాడతావ్. మాకు కెమెరా చూస్తే ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు," అన్నాడు అన్న.

ఫోన్ అతనే పట్టుకున్నాడు. నేను చెప్పింది ఇది: "ఇది మన అన్నదానం లాంటిది. మొహమాటపడకండి. ఉన్నవాళ్ళా, లేనివాళ్ళా అని ఎవరూ అడగరు. ఎవరైనా వెళ్ళొచ్చు. ఇవాళ తెచ్చుకోండి, రేపు మీ చేతిలో ఉన్నప్పుడు మీరూ ఇవ్వండి."

"చివరి లైను తీసేద్దాం, లెంగ్త్ ఎక్కువైపోతోంది. ఇంకొంచెం నవ్వుతూ చెప్పు," అన్నాడు. మళ్ళీ నవ్వుతూ చెప్పాను.

వీడియో కింద ఇంగ్లీషు అర్థాలు అతనే వేశాడు. అన్నదానం అన్న మాటకు 'ఫ్రీ ఫుడ్' అని వేశాడు. ఇంకేం వేయాలో అతనికి మాత్రం ఏం తెలుసు? ఆ మాటకు ఇంగ్లీషులో సరైన మాట లేదు. అక్కడ ఫ్రీ ఫుడ్ అంటే ఊరికే వచ్చే తిండి. మన దగ్గర అన్నదానం అంటే పెట్టినవాడికీ తిన్నవాడికీ ఇద్దరికీ పుణ్యం. కొండ మీద తిరునాళ్ళకి కారులో వచ్చిన కాంట్రాక్టరు కూడా చెప్పులు విడిచి బంతిలో కూర్చుంటాడు. కూర్చోనంటే పొగరనుకుంటాం. ఆ లెక్కనే నేను మొహమాటపడొద్దన్నాను. ఇంగ్లీషులో చదివినవాళ్ళకి మాత్రం డబ్బుపెట్టి చదువుకోవడానికి వచ్చిన ఒక పిల్ల, పేదల కోసం పెట్టిన తిండిని సిగ్గులేకుండా పట్టుకుపొమ్మని తోటివాళ్ళకు నవ్వుతూ నేర్పుతున్నట్టు కనిపించింది.

ఆ వీడియో ఎక్కడెక్కడికో వెళ్ళింది. ముందు ఊళ్ళోవాళ్ళు తిట్టారు, తర్వాత దేశమంతా తిట్టింది. వీడియో కింద జనం రాసిన మాటలు నేను ఇక్కడ రాయను. ఆ వారంలో మా శాఖ పిల్లాడొకడు కిరాణా కొట్లో నిలబడితే వెనకనుంచి ఎవరో, "ఇక్కడ డబ్బులు కట్టాలి, తెలుసా?" అన్నారట. ఇల్లు చూపిస్తానన్న ఇంటివాడు మా పేర్లు విని ఫోన్ ఎత్తడం మానేశాడు. చర్చివాళ్ళు ఆదివారం హాలు కొన్నాళ్ళపాటు ఇవ్వలేమని చెప్పారు. మర్యాదగానే చెప్పారు. దాంతో శాఖకు కాళ్ళకింద నేల కదిలింది.

అంకుల్ గారింట్లో కింది అంతస్తులో మీటింగ్ పెట్టారు. మంచి కార్పెట్టు, గోడనిండా పుస్తకాలు. అంత భయంలోనూ నా కళ్ళు ఆ పుస్తకాల వీపుల మీదికే పోయాయి. ఆంటీ అందరికీ టీ ఇచ్చారు. అధ్యక్షుడు ల్యాప్‌టాప్ తెరిచి ఒక ప్రకటన చదివాడు. ఒక సభ్యురాలు శాఖకు తెలియకుండా వీడియో చేసిందనీ, శాఖ దాన్ని ఖండిస్తోందనీ, ఆమెను తొలగించామనీ అందులో ఉంది.

నా రూమ్మేటు కరీంనగర్ పిల్ల. గ్లాసు కింద పెట్టి అడిగింది.

"అన్నా, వీడియో తీసిందెవరు? ఫోన్ దానంతటదే తీసుకుందా?"

"అది కాదు, ఇప్పుడు మనం..."

"శాఖ పేజీల పెట్టిందెవరు? ఇది పెట్టిందా? దీనికి పాస్‌వర్డ్ కూడా తెల్వదు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అంకుల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, ఇక్కడ తప్పెవరిదని కాదు. శాఖ తప్పు చేసిందంటే ఆ మాట మీ అందరి మీదా పడుతుంది. ఒక మనిషి పొరపాటంటే జనం వారంలో మర్చిపోతారు. శాఖ ఉంటేనే కదా మీకు హాలు, మీకు గౌరవం," అని నావైపు తిరిగారు. "నువ్వు చదువుకున్న పిల్లవి. ఆ మాత్రం అర్థం చేసుకోగలవు."

ఆయన నన్ను చదువుకున్న పిల్ల అనడం అదే మొదలు. ఎలాంటి సందర్భంలో అన్నారో చూడండి.

"కొన్నాళ్ళు పక్కకుండు చాలు. ఎండాకాలం వెళ్ళేలోపు అన్నీ సర్దుకుంటాయి. అప్పుడు మేమే అందరిముందూ చెప్తాం, అది శాఖ తప్పేనని. నా మాట," అన్నాడు అధ్యక్షుడు.

"నేనూ ఉంటాను సాక్షిగా," అన్నారు అంకుల్ గారు.

ఒప్పుకున్నాను. నాకు కోటిచ్చినవాళ్ళు, అన్నం పెట్టినవాళ్ళు. వాళ్ళు మాటిస్తే నమ్మాను. నాకు కావలసింది కూడా అదొక్కటే, ఎండాకాలం వెళ్ళేలోపు నలుగురిముందూ నిజం చెప్పాలి. పేరు నాశనమైన పిల్లగా ఆ ఊళ్ళో తిరగడం నావల్ల కాదు. మీటింగ్ నుంచి బస్సులో ఇంటికొస్తుండగానే శాఖ గ్రూపులోంచి నన్ను తీసేసినట్టు ఫోన్లో కనిపించింది. రూమ్మేటు చూసి, "ఇంటికి చేరేదాకా కూడా ఆగలేదు చూడు," అంది.

ఆ తర్వాత శాఖ బాగుపడటం మొదలైంది. ఆ పని వాళ్ళు గట్టిగా చేశారు, అది ఒప్పుకోవాలి. మంచు పడినప్పుడల్లా గుంపుగా వెళ్ళి ముసలివాళ్ళ ఇళ్ళముందు దారులు తవ్వారు. రక్తదానం చేశారు. పార్కులు శుభ్రం చేశారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు, వీపు మీద శాఖ పేరు. ఏ పని చేసినా ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో. ముసలమ్మ తలుపు తీసి థాంక్యూ చెప్పేదాకా పారలు పట్టుకుని నిలబడేవాళ్ళని రూమ్మేటు చెప్పేది. "ఆమెకు చెవులు వినపడవు పాపం. మంచు మొత్తం తీసినంక గంట కొట్టుకుంటనే ఉన్నరు," అని నవ్వేది. రూమ్మేటును గ్రూపులో ఉంచారు. నోరు పెద్దదైనా పని బాగా చేస్తుంది.

నేను డౌన్‌టౌన్ లైబ్రరీకి వెళ్ళేదాన్ని. అక్కడ వెచ్చగా ఉంటుంది, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. జనం నన్ను ఎందుకంత తిట్టారో తెలుసుకోవాలనుకున్నాను. తిట్టు వెనక ఒక చరిత్ర ఉంటుందని నా నమ్మకం. ఆ ప్రాంతపు పాత సంగతులున్న అర దగ్గర కూర్చుని వరసగా చదివాను. కరువు సంవత్సరాల్లో అక్కడి రైతుల పొలాలు దుమ్మై ఎగిరిపోయాయట. తూర్పునుంచి రైళ్ళలో సాయంగా ఆపిల్ పళ్ళు, ఉప్పు చేపలు పంపించారట. సముద్రమే చూడని ఆ జనానికి ఉప్పుచేప ఎలా వండాలో తెలియక చెక్కముక్కలనుకున్నారట. తిన్నదానికన్నా సాయం తీసుకోవలసి వచ్చిందన్న సిగ్గే ఎక్కువ గుర్తుండిపోయిందని చాలామంది ముసలివాళ్ళు చెప్పుకున్నారు. అది చదివాక తెలిసింది. వాళ్ళ ఇళ్ళలో తీసుకోవడమంటే ఇంకే దారీ లేనప్పుడు తలదించుకుని చేసే పని. మా ఇళ్ళలో వద్దనడం తప్పు. ఈ రెండింటి మధ్య నా నవ్వుమొహం పడింది.

ఇది ఎవరికైనా చెప్పాలనిపించింది. శాఖకు చెప్పే వీల్లేదు. ఒక ఉదయం ధైర్యం చేసి ఫుడ్ బ్యాంకుకే వెళ్ళాను. అక్కడ పని చూసుకునే ఆవిడ జుట్టంతా నెరిసిన పెద్ద మనిషి. ఇంగ్లీషులో ముందే కూడబలుక్కున్న వాక్యం అప్పజెప్పాను, ఆ వీడియోలో ఉన్నది నేనేనని.

"తెలుసు. చూడగానే గుర్తుపట్టాను. ముందు ఆ బంగాళదుంపల బస్తా ఇటు లాగు," అంది.

దుంపలు ఏరుతూ మాట్లాడుకున్నాం. మెత్తబడ్డవి ఒక డబ్బాలోకి, మంచివి ఇంకో డబ్బాలోకి. నేను ఉప్పు చేపల సంగతి ఎత్తగానే ఆవిడ చెయ్యి ఆగింది.

"మా అమ్మ చచ్చేదాకా చేప ముట్టలేదు. ఎందుకో మేం పెద్దయ్యాక గానీ చెప్పలేదు," అంది.

అప్పుడు నేను అన్నదానం గురించి చెప్పాను. బంతి అంటే ఏమిటో చెప్పాను. అందరూ వరసగా నేలమీద కూర్చుంటారని, వడ్డించేవాళ్ళు ఆ చివరినుంచి ఈ చివరికి ఒకేలా వడ్డించాలని, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ వేస్తే దానికి ప్రత్యేకంగా ఒక తిట్టే ఉందని, వలపక్షమంటామని, అందరూ తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదని చెప్పాను.

"అందరూ అంటే? నిజంగా అందరూనా?" అంది.

నేను పుస్తకాలు చదివినదాన్ని. అబద్ధం చెప్పలేకపోయాను. కులం పేరుతో బంతికి దూరంగా కూర్చోబెట్టినవాళ్ళు, అందరూ లేచాక పెట్టించుకున్నవాళ్ళు మా దగ్గర ఉన్నారని, ఆ మాట తలుచుకుంటే ఉప్పుచేపకన్నా చేదుగా ఉంటుందని చెప్పాను. ఆవిడ తలూపింది. "అయితే మీరూ మాలాంటివాళ్ళే," అంది.

తర్వాత వారం వారం వెళ్ళాను. ఒకరోజు ఆవిడే అడిగింది. "ఆ వీడియో నీకు నువ్వే తీసుకున్నావా? నీ రెండు చేతులూ కనపడుతున్నాయి అందులో."

నేను దుంపలు ఏరుకుంటూ ఉండిపోయాను. మాటిచ్చాను కదా. ఆవిడ రెట్టించలేదు. "మీ బంతి ఏదో ఒకసారి ఇక్కడ వేయండి. ఈ ఊరివాళ్ళు కూర్చుని తింటే తెలుస్తుంది. చర్చివాళ్ళతో నేను మాట్లాడతాను," అంది.

నాకు లేచి గెంతాలనిపించింది. ఇదే నా దారి అనుకున్నాను. అందరినీ కూర్చోబెట్టి అన్నం పెట్టి, ఆ మాటకు అర్థం చెప్పి, ఆ వీడియో ఎలా వచ్చిందో కూడా అక్కడే చెప్పేస్తే ఇక మిగిలేదేముంది? అధ్యక్షుడికి ఫోన్ చేశాను.

"సూపర్ ఐడియా! అసలు నువ్వు బయటుండి కూడా శాఖ కోసం ఎంత ఆలోచిస్తున్నావ్! స్పీచ్ రాసి పంపు, నేను చూస్కుంటా," అన్నాడు.

"ఆ రోజే చెప్తారు కదా అన్నా, వీడియో సంగతి?"

"ఎందుకు చెప్పం? అన్నీ చెప్తాం."

స్పీచ్ నేనే రాసిచ్చాను. ఉప్పు చేపలు, బంతి, వలపక్షం అన్నీ అందులో ఉన్నాయి.

ఆగస్టులో అదే చర్చి హాల్లో అన్నదానం జరిగింది. గోడకు బ్యానరు కట్టారు. అందరికీ భోజనం, ఎవరైనా రావచ్చు, మొహమాటపడకండి అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. దాదాపు నేనన్న మాటలే. ఈసారి ఎవరూ తిట్టలేదు. ఊళ్ళోవాళ్ళు బాగా వచ్చారు. నేల మీద దుప్పట్లు పరిచారు, మోకాళ్ళు వంగనివాళ్ళకి గోడ పక్కన బల్లలు. తెల్లవాళ్ళు పులిహోర చేత్తో తినడానికి తంటాలు పడుతుంటే మనవాళ్ళు నేర్పుతున్నారు. చూడటానికి ఎంత బాగుందో. ఆ మాట కూడా దాచను.

నేను తెల్లారేసరికే వచ్చి వంటలో ఉన్నాను. బూరెలు వేశాను. జనం రావడం మొదలవగానే అధ్యక్షుడు వంటగదిలోకి వచ్చాడు.

"నువ్వు కాస్త లోపలే ఉండు. ప్రెస్ వాళ్ళొచ్చారు. మొహం గుర్తుపడితే మళ్ళీ లేనిపోనిది."

"మరి చెప్పడం?"

"టైం చూసి పిలుస్తా."

ఫుడ్ బ్యాంకు ఆవిడ మాత్రం నన్ను వెతుక్కుంటూ వంటగదిలోకే వచ్చింది. ఏప్రాను విప్పించి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వరసలో తన పక్కన కూర్చోబెట్టింది. నాకు ఇంకో పక్కన ఎవరో తెల్ల ముసలాయన, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బూరెల బేసిను పట్టుకుని వడ్డిస్తూ వచ్చిన కుర్రాడు నా దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఇది గెస్టుల బంతి. మనవాళ్ళకి లాస్ట్‌లో అని చెప్పాడు అన్న."

నా విస్తరి దాటి వెళ్ళిపోయాడు. విస్తరంటే కాగితం ప్లేటే. ముసలాయనకు మా మాటలు అర్థం కాలేదు గానీ ఖాళీ ప్లేటు అర్థమైంది. తన బూరెను రెండుగా విరిచి ఒక సగం నాకు వేశాడు.

అప్పటికే అధ్యక్షుడు మైకు తీసుకున్నాడు. నేను రాసిందంతా చెప్పాడు. బాగా చెప్పాడు, నాకన్నా బాగా. ఉప్పు చేపల దగ్గర ముసలివాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు ఆగాక ఫుడ్ బ్యాంకు ఆవిడ కూర్చున్నచోటినుంచే గట్టిగా, "ఇదంతా నాకు మొదట చెప్పిన అమ్మాయి ఇక్కడే ఉంది," అని నా భుజం మీద చెయ్యి వేసింది.

హాలంతా నావైపు తిరిగింది. కెమెరా కూడా తిరిగింది. అధ్యక్షుడు ఒక్క క్షణం తడబడ్డాడు. నేను అతని కళ్ళలోకే చూశాను. ఇప్పుడు చెప్తాడనుకున్నాను. ఇంతకన్నా మంచి సమయం ఎక్కడ దొరుకుతుంది? అంకుల్ గారు ముందు వరసలోనే ఉన్నారు.

అధ్యక్షుడు నవ్వాడు. "అవును," అన్నాడు ఇంగ్లీషులో. "ఆ వీడియో చేసి పొరపాటు చేసింది ఈ అమ్మాయే. ఇవాళ మారి మన మధ్య కూర్చుంది. మా శాఖ ఎవరినీ వదిలిపెట్టదు. తప్పు చేసినవాళ్ళని దిద్దుతుంది. అదే మా గొప్ప."

అందరూ చప్పట్లు కొట్టారు. అంకుల్ గారు కూడా కొట్టారు. కొట్టనిది ఇద్దరే. నా భుజం మీదనుంచి చెయ్యి తీయని ఆవిడ, సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడ్డ నా రూమ్మేటు.

నాకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. లేవలేదు. బంతిలో తినేవాళ్ళుండగా లేవడం వాళ్ళందరినీ అవమానించడం. వాళ్ళేం చేశారు నన్ను? ఆ చివరనున్న ముసలమ్మ పెరుగన్నం ముగించేదాకా తలెత్తి కూర్చున్నాను. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని బయటికి వచ్చాను.

అంకుల్ గారు వెనకే వచ్చారు.

"మనసులో పెట్టుకోకమ్మా. వాడు నిన్ను మెచ్చుకున్నట్టే కదా."

"ఎండాకాలం వెళ్ళేలోపు చెప్తామన్నారు అంకుల్. ఇదేనా చెప్పడం?"

"ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాం. శాఖదే తప్పని ఇవాళ అంటే హాలు మళ్ళీ పోతుంది. నీ వెనక వచ్చే పిల్లల సంగతి ఆలోచించు."

"నేనూ అలా వచ్చిన పిల్లనే కదండీ."

ఆయన మెడ మీద దోమను కొట్టుకున్నారు. "దోమలున్నాయి, లోపలికి రామ్మా," అన్నారు. నేను వెళ్ళలేదు. ఆయనే వెళ్ళిపోయారు.

చర్చి హాలు ఆదివారాలకు మళ్ళీ వచ్చింది. ఇళ్ళవాళ్ళు ఫోన్లు ఎత్తసాగారు. అధ్యక్షుడికి మంచి ఉద్యోగం వచ్చిందని విన్నాను. నన్ను మాత్రం ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళలో 'మారిన పిల్ల' అని పరిచయం చేసేవారు. ఒక పుట్టినరోజు పార్టీలో ఒక ఆంటీ చిన్న పిల్లలకు నన్ను చూపించి నీతి చెప్పింది. వాళ్ళు ఇంగ్లీషులో "ఓకే" అని బెలూన్ల దగ్గరికి పోయారు. ఆ తర్వాత నేను ఎవరింటికీ వెళ్ళలేదు. కోర్సు అవగానే ఏజాక్స్‌లో పని చూసుకుని వచ్చేశాను.

శాఖ బాగుపడటం నాకు ఇష్టం లేక కాదు. ఆ హాల్లో ఇవాళ అన్నం తింటున్న పిల్లలంటే నాకు కోపం లేదు. పోయిన పేరు ఊరి దగ్గర తెచ్చుకోవడానికి వాళ్ళు నిజంగా మంచు తవ్వారు. మనిషికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి మాత్రం ఒక్క వాక్యం ఖర్చుపెట్టలేకపోయారు. ఆ వాక్యం ఇది: ఆ వీడియో శాఖది. నేను అందులో మాట్లాడాను, వాళ్ళు తీశారు, వాళ్ళు కత్తిరించారు, వాళ్ళు పెట్టారు. వాళ్ళు చెప్పలేదు కాబట్టి నేనే చెప్పుకున్నాను.

ఇది రాయడానికి తోడ్పడినవాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. పేర్లు రాస్తే కొందరికి ఇబ్బంది కాబట్టి నేను పిలిచిన పిలుపులే రాస్తాను. రాసింది ఫోన్లో చదివించుకుని, "గిప్పుడన్న చెప్పినవ్, ఇంక ఘాటుగ రాయకపోయినవా," అన్న కరీంనగర్ అక్కకు. తాళం చేతికిచ్చి భోజనానికి వెళ్ళిన మా ఊరి లైబ్రేరియన్ గారికి. రెజైనా లైబ్రరీలో నా కుర్చీ పక్కన పాత పుస్తకాలు అడక్కుండానే తెచ్చిపెట్టిన మేడమ్‌కు. చివరిదాకా భుజం మీద చెయ్యి తీయని ఫుడ్ బ్యాంకు అమ్మకు. ఏజాక్స్‌లో నేను రాసుకునేటప్పుడు వంట తను చేసి టీవీ గొంతు తగ్గించిన మా ఆయనకు. ఇంకా ఆ బంతిలో నా పక్కన కూర్చున్న తాతగారికి. బూరె సగం నా ప్లేటులో వేసి, లోపలున్నదేమిటని ఆయన అడిగారు. శనగపప్పు, బెల్లం అని చెప్పాను. ఆయన పేరు నేను అడగలేదు.